ముదీర్ ఇవ్వని సెలవు

ఒక మనిషిని పంపిస్తున్నానని జమీర్ ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషం వేసిన మాట నిజం. పదకొండేళ్లుగా గల్ఫ్‌లో, ఖోర్ ఫక్కాన్ ఓడరేవులో స్టోర్‌కీపర్‌ని. ఊరివాళ్లకు నాతో పనిపడి చాలా కాలమైంది.

అది 2005. మున్సిపల్ ఎన్నికల్లో మా పల్లె పక్క టౌన్లో జమీర్ పార్టీకి పదకొండు మంది కౌన్సిలర్లు వచ్చారు, అవతలి పార్టీకి పదకొండు. మిగిలిన ఒక్కడు ఇమామ్ హుస్సేన్. ఇండిపెండెంటుగా గెలిచి, ఆ సాయంత్రమే అవతలి కండువా కప్పుకున్నాడు. జమీర్ మా మేనమామ కొడుకు. పార్టీలో మనుషుల్ని ఇటు తిప్పే పని వాడిదే.

"ఆయప్పకు రెండు పక్కలా పోరు ఎక్కువైంది. నాలుగు దినాలు యాడికన్నా పోతానన్నాడు. చైర్మన్ ఎన్నికకు మన మనిషిగా తిరిగి రావల్ల."

"నేనేం చేయాలి?"

"నువ్వు మెత్తనోనివి హయాత్. మాట్లాడు, చాలు."

విజిట్ వీసా నేనే తీయించాను. హుస్సేన్ నా గదిలోనే దిగాడు. యాభై దాటిన మనిషి, బోరు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. తిన్న ప్లేటు నన్ను కడగనిచ్చేవాడు కాదు. రెండు రోజులు పార్టీ గురించి చెప్పాను. నవ్వుతూ విన్నాడు.

"ఆదిశేషుకు మాటిచ్చినానప్పా," అన్నాడు చివరికి. ఆదిశేషు అవతలి పార్టీ చైర్మన్ అభ్యర్థి. "నా వార్డులో వాళ్ల మనిషిని నిలబెట్టకుండా ఆపినాడు. ఆయనకే చెయ్యి లేపుతానన్నా."

"రాజకీయాల్లో మాటలదేముందన్నా."

"మీ పోర్టులో క్రేను ఉండాదే, అది ఎవురి సామానైనా లేపుతాది. నేను క్రేను కాదు."

మూడో సాయంత్రం సముద్రం ఒడ్డున టీ తాగుతూ మా అమ్మ గురించి చెప్పాను. ఆరేళ్ల కిందట ఆమెకు సీరియస్‌గా ఉందని కబురొచ్చింది. ఓడ ఖాళీ అయ్యేదాకా కదలనని ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, మాటిచ్చి ఉన్నాను. ఆయన సెలవివ్వలేదు. నేను మాట తప్పలేదు. మూడో రోజు అమ్మ పోయింది. మరుసటి ఏడు ఆ ముదీర్ వేరే కంపెనీకి వెళ్లిపోయాడు, నా పేరు కూడా గుర్తుండదు.

హుస్సేన్ నా చెయ్యి పట్టుకున్నాడు. "అంతటోని కోసరం అమ్మను చూసుకోలేకపోతివే."

"ఆదిశేషు కూడా ఒక ముదీరే అన్నా," అన్నాను.

అమ్మ పోవడం నిజం. ముదీర్ పాకిస్తానీ. కబురు విన్న గంటలోనే సెలవు కాగితం మీద సంతకం పెట్టి, మర్నాటి టికెట్ చేతిలో పెట్టాడు. నేనే వెళ్లలేదు. మూడు రోజులు గదిలో పడుకున్నాను. కంపెనీ వదల్లేదని ఇంటికి చెప్పాను. చెప్పగా చెప్పగా అదే జరిగినట్టు నాకూ అనిపించేది. ఇన్నేళ్లూ దాక్కోవడానికి చెప్పుకున్నదాన్ని, ఆ సాయంత్రం మొదటిసారి ఒకటి సంపాదించడానికి చెప్పాను. గొంతు నిజంగానే వణికింది. అయినా నాలో ఒకడు అతని ముఖాన్నే చూస్తున్నాడు. హుస్సేన్ కప్పు కింద పెట్టగానే వాడే నా మాటల్ని నెమ్మది చేశాడు.

ఆ రాత్రి హుస్సేన్ నిద్రపోలేదు. పొద్దున్నే "జమీర్‌కు చెప్పు, సరేనని," అన్నాడు.

షార్జా ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లబోతూ ఆగాడు. "మీ పల్లె మాకు దగ్గరే గదా. పోయి మీ అమ్మను మట్టి చేసిన ఖబర్ కాడ ఫాతిహా చదివొస్తా. కొడుకు ఆ పొద్దు చదవలేకపోయినాడు, నేనన్నా చదవల్ల."

అప్పుడు చెప్పేసి ఉండొచ్చు. చెబితే ఓటు పోతుంది. "నీ మేలు మరవనన్నా," అన్నాను.

చైర్మన్ ఎన్నికలో మావైపు పన్నెండు చేతులు లేచాయి. జమీర్ ఆనందం ఫోన్లో పట్టలేదు. "మెత్తనోనివి అనుకుంటి, గట్టోనివే. అయితే ఒక్కని మీద అయిదేండ్లు నడవదు. ఇంగో ఇద్దర్ని మాట్లాడతాండా. నీ తాకే పంపుతా." సరేనన్నాను.

శుక్రవారం నమాజు తర్వాత హుస్సేన్ ఫోన్ చేశాడు.

"ఖబర్ కాడికి పోయొచ్చినా. మీ అక్క అక్తర్ బీ ఇంట్లో అన్నం తినిపించింది. ముదీర్ శానా మంచోడంట గదా. హయాత్ ఇంటికి చేరినాడా అని అప్పుట్లో పక్కింటి ఫోనుకు చేసినాడంట."

అంటే అక్కకు ఆరేళ్లుగా తెలుసు. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ, అమ్మను తలుచుకుని కంపెనీని తిట్టుకుంటుంటే, నా పక్కన కూర్చుని తల ఊపింది.

"అన్నా..."

"అరవడానికి చెయ్యలేదులే. ఎందుకు రాలేదప్పా?"

ఎవరూ అడగని ప్రశ్న. "అమ్మ పోతా ఉంటే చూడలేననిపించింది. భయమేసింది," అన్నాను.

"ఊఁ," అన్నాడు. "నిన్న ఆదిశేషు ఇంటికి పోయింటి. తిడతాడనుకుంటి. కుర్చీ ఏసినాడు. కూర్చోలేక వచ్చేసినా. మల్ల పోవల్ల. ఏం చెప్పల్లో తెలీడంల్యా."

"నా పేరు చెప్పన్నా. అబద్ధం చెప్పి తిప్పుకున్నానని చెప్పు."

"లేపిన చెయ్యి నాది గదప్పా," అన్నాడు హుస్సేన్.