నిన్నటి నీళ్లు

నదిలో దిగవచ్చో లేదో చెప్పే బోర్డు మార్చేది నేనేనని మా బావకు మొదటినుంచీ కడుపుమంట. రేవులో పిల్లలకు ఈత నేర్పేది ఆయన. దిగొద్దని ఎర్రబోర్డు పెట్టినప్పుడల్లా, నేనేదో పనిగట్టుకుని ఆయన నోట్లో మట్టి కొట్టినట్టు, ఇంటికెళ్లి మా అక్క మీద ఎగిరేవాడు.

మా పని తీరు అలాంటిది. పొద్దున్నే సీసాలో నీళ్లు పట్టి, ల్యాబులో వెచ్చటి పెట్టెలో ఉంచి, మురుగు క్రిములు పెరిగాయో లేదో మర్నాడు చూడాలి. అంటే బోర్డు మీద జనం చూసేది నిన్నటి నీళ్ల సంగతి. ఈ మాట ఎంత మొత్తుకున్నా ఆఫీసులో ఎవరి చెవికీ ఎక్కదు.

ఆ శనివారం ఈత పోటీలు. ముందురోజు రాత్రి కుండపోత వాన. తెల్లారి వెళ్లి చూస్తే మురుగుకాలువ పొంగి నేరుగా నదిలో కలుస్తోంది. అబ్బ, ఏం కంపు! దానికి పరీక్ష కూడా ఎందుకు? సీసా నింపుకుని, ఎర్రబోర్డు తగిలించేశాను.

కాసేపటికే ఆఫీసరు ఫోన్.

"రిజల్టు రాకుండా ఎర్రబోర్డు ఎలా పెట్టావమ్మా?"

"సార్, ఒక్కసారి వచ్చి వాసన చూడండి సార్."

"నీ ముక్కుతో నడవదు ఆఫీసు. నిన్నటి రిజల్టు బాగానే ఉందిగా? పచ్చబోర్డు పెట్టు."

చాడీలు చెప్పిందెవరో అడగక్కర్లేదు. మెడలో ఈల వేసుకుని ఎదురుగా నవ్వుతున్నాడు మా బావ.

"బావా, పోటీలు రేపటికి మార్చు. కనీసం మన పిల్లనైనా దింపకు."

"నా కూతుర్నే దింపకపోతే ఇంకెవరు దింపుతారే? నాలుగు చినుకులకే ఏంటీ నీ గోల!"

నేను కదల్లేదు. ఆయనే పచ్చబోర్డు లాక్కుని తగిలించాడు. అది చూడ్డానికి పిల్లలు అప్పటికింకా రాలేదు.

ఆదివారం నా సీసా రిజల్టు వచ్చింది. ఉండదగ్గ హద్దుకు ఎన్నో రెట్లు మురుగు క్రిములు. ఆఫీసరు ఎర్రబోర్డు పెట్టించి, అంతా పద్ధతి ప్రకారమే జరిగిందన్నాడు. పద్ధతట, పద్ధతి!

మంగళవారానికి మా అక్క కూతురికి వాంతులు, రక్త విరేచనాలు. వారం తిరక్కుండానే కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు డాక్టర్లు.

ఆసుపత్రికి వెళ్లాను. పిల్ల వాళ్ల నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంది. నన్ను చూసి మెల్లగా అడిగింది.

"నీళ్లు కంపు కొడుతున్నాయని నేను దిగనన్నాను పిన్నీ. 'మీ పిన్ని చూసే పచ్చబోర్డు పెట్టింది, దూకు' అన్నాడు నాన్న. నువ్వు సరిగ్గా చూళ్లేదా?"

ఒళ్లు మండిపోయింది. బావ వైపు చూశాను. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆయన కళ్లనిండా నీళ్లు. పిల్ల ఆ చెయ్యి ఇంకా వదల్లేదు.

"లేదమ్మా, సరిగ్గా చూళ్లేదు," అన్నాను.

పిల్ల మొహం తిప్పేసుకుంది. 'హమ్మయ్య' అని బావ ఊపిరి వదలడం నాకు వినపడింది. ఆ ఊపిరిని మాత్రం నేను చచ్చినా క్షమించను.