మూడుకాళ్ళ కాకి గుడి

పోయినవాళ్ళను చూసి జంకే రకాన్ని కాను నేను. అందుకే చచ్చిపోయిన పోలయ్య బావ ముందు నడుస్తుంటే, మబ్బులోంచి ఒక్కొక్కటే దిగివస్తున్న దేవదారు మానుల మధ్య, నాచు పట్టిన రాతిమెట్ల మీద, పంచె ఎగ్గట్టి అతని వెనకాలే ఎక్కుతున్నాను. ఇది జపానులోని కుమనో గుడి అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. ఓడలో వంటవాడిగా తిరిగిన రోజుల్లో బావ చూసివచ్చిన గుడి, అక్కడి దేవుడి కాకికి మూడు కాళ్ళని అతను చెప్పినప్పుడల్లా, "మూడోకాలు రెండో సీసాకి మొలిచిందా బావా?" అని నేను భీమిలి బజారంతటినీ నవ్వించిన గుడి.

ఎర్రటి ద్వారం దాటి, అవతల నిలబడి, బావ వెనక్కి తిరుగుతాడు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. భుజం మీద కాకి, రెక్కలు వాల్చుకుని.

"ఆకలేస్తంది బామ్మర్దీ."

"పొద్దున్నించీ పిండం ఎట్టుకుని ఒక్కణ్ణే కూకున్నాను కదా బావా! ఇయ్యాల పదో రోజు. కాకి ముడితే గానీ అక్క మెతుకు ముట్టనంటంది. నీకేటి కావాలో సెప్పు."

"దగ్గిరికొచ్చి దీని కాళ్ళు లెక్కెట్టు. అంతే."

కాలెత్తుతాను. ద్వారం అవతల రాలుతున్న ఆకులు నేలను చేరడం లేదు, బావ ఒంటికి నీడ లేదు. నా ధైర్యం పంచెకన్నా ముందే జారిపోతుంది.

"మైలలో ఉన్నాను బావా, గుడి గడప తొక్కకూడదు."

"నా మైలేగదరా! నాకే సెప్తన్నావా?"

"ఇక్కడికే కనబడతన్నాయి! మూడే! నీమీదొట్టు!" అంటూ అప్పటికే మెట్లు దిగిపోతున్నాను.

"అటు తిరిగి ఒప్పుకుంతన్నావేట్రా?" బావ గొంతులో నవ్వు లేదు. "బతికున్నప్పుడూ ఇంతే. సూడకుండానే తేల్సీసినావు."

మబ్బు ముందు కాకిని కప్పుతుంది, తర్వాత అతన్ని.

కళ్ళు తెరిస్తే సముద్రపు ఒడ్డు, నెత్తి మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆకులో పిండం పెట్టింది పెట్టినట్టే ఉంది. తడి ఇసకలో కాకి అడుగులు ఆకు అంచుదాకా వచ్చి, వెనక్కి తిరిగి ఉన్నాయి.

పిండాన్ని నా చేత్తోనే అలల్లో వదిలి, ఇంటికి వెళ్ళాను. "కాకి ముట్టింది, తినవే అక్కా," అన్నాను.

"ఎంత తిన్నాది?"

"మెతుకు మిగల్లేదు."

అక్క కంచం ముందుకు లాక్కుంది.

ఇందులో నేను కల్పించింది అదొక్కటే.