కొస దొరకని నేత

పీచుపిన్ని తీసిన ఉన్నిదారం ఎంత సన్ననిదంటే, సాలెపురుగులు వరసకట్టి వచ్చి చూసి, సిగ్గుతో తలలు దించుకుని వెళ్ళిపోయేవి. జుట్టులో ఎప్పుడూ ఉన్ని పీచు చిక్కుకుని ఉంటుంది కనక వీధి వీధంతా ఆమెకా పేరు ఖాయం చేసేసింది.

ఆమెకున్నది ఒకటే పట్టుదల. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్న చేతిపనుల సంఘంలో చేరాలి, సంఘం హాలు గోడమీద తన నేత వేలాడాలి. రెండుసార్లు అర్జీ పెడితే, "వెనకవైపు దారం కొసలు కనబడుతున్నాయి" అని తిప్పి పంపారు. ఈసారి ఎనిమిది నెలలు కూర్చుని, మబ్బు రంగులోంచి తేనె రంగులోకి జారే నిలువెత్తు గోడతెర నేసింది. కొస ఒక్కటి కనబడితే ఒట్టు!

పిన్నీ, ఆమె అక్కా కలిసి దాన్ని చుట్టచుట్టి, భుజాలకెత్తుకుని సంఘం మెట్లెక్కారు. బల్ల వెనక ఇద్దరు పెద్దలు: అధ్యక్షుడైన ముసలి కుమ్మరి, తివాచీలు నేసే ఒకావిడ. తివాచీలావిడ తెరను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ముందేదో వెనకేదో తెలియట్లేదు. ఇది మిషను పని."

పిన్ని అక్క ఊరుకుంటుందా? "మిషనా? దీని వేళ్ళకున్న కాయలు చూడండి! మిషనుకి కాయలు కాస్తాయా?"

"అరవకమ్మా," అన్నాడు కుమ్మరి. "చేతిపనైతే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి ఉంటుందిగా. ఆ కొస చూపించమను, చాలు."

పిన్ని తెరంతా తడిమింది. మళ్ళీ తడిమింది. చెవులు వేడెక్కాయి.

"ఎక్కడ పెట్టావే?" అక్క గుసగుసలాడింది.

"తెలీట్లేదక్కా. మరీ బాగా దాచేశాను."

"నీ దాపరికం తగలెయ్య!"

తివాచీలావిడ మూతి తిప్పింది. అంతే, పిన్నికి ఎక్కడలేని రోషం పుట్టుకొచ్చింది. సంచిలోంచి కత్తెర తీసి, తెర నడిమధ్యన జానెడు మేర పరపరా కోసేసింది. అక్క ఉన్నచోటే చతికిలబడింది. కుమ్మరి నోరు తెరిచినవాడు మూయడం మర్చిపోయాడు.

పిన్ని నేలమీద బాసింపట్టు వేసుకుని, సూదిలోకి దారం ఎక్కించింది. ఆ సూది తిరిగే వేగానికి గదిలో గాలి లేచి, బల్లమీది అర్జీలన్నీ ఎగిరాయి. పెద్దల కప్పుల్లో టీ చల్లారేలోపు లేచి నిలబడి, తెర వాళ్ళ ముందు పరిచింది.

"ఎక్కడ కోశానో ఇప్పుడు మీరు చూపించండి."

కుమ్మరి కళ్ళద్దాలు తుడిచి తుడిచి చూశాడు. తివాచీలావిడ రెండు బొటనవేళ్ళతో అంగుళం అంగుళం నొక్కింది. చివరికి చేతులెత్తేసి, పకపకా నవ్వింది.

"ఇరవయ్యేళ్ళుగా అందరి కొసలూ పట్టుకుంటూనే ఉన్నాను, ఇవాళ చిక్కలేదు! సభ్యుల పుస్తకంలో సంతకం పెట్టు తల్లీ."

పిన్ని కలం ముట్టుకోలేదు. తల ఎత్తి గోడల వంక చూసింది.

"ముందు మేకు కొట్టించండి. ఎక్కడ వేలాడదీస్తారో చూసి పెడతాను."

అధ్యక్షుడే సుత్తి వెతకడానికి లేచాడు. గుమ్మానికి ఎదురు గోడ చూపిస్తూ అక్క అప్పటికే మొదలెట్టింది: "ఇంకాస్త పైకి బాబాయ్‌గారూ. ఇంకాస్త... వీధిలోకి కనబడాలి మరి!"