సున్నా పవరు

నేను ఒక కళ్లజోడును. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, ముప్పై ఒక్క ఏళ్లు ఒకే ముక్కు మీద కాపురం చేశాను. ఈ రోజుల్లో మనుషులే అన్నాళ్లు కలిసి ఉండటం లేదు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను, తర్వాత దాచానంటారు. అన్నేళ్లలో నేను ఒక్క అక్షరం చదివిపెట్టిన పాపాన పోలేదు.

తునిలో జిలానీ సాహెబు కొట్లో పుట్టాను. ఆ రోజు వరహాలమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ముప్పై దాటిన మనిషి, చేతిలో గుడ్డసంచి. సాహెబు గోడ మీది అక్షరాల పటం చూపించి చదవమన్నాడు. "కనపడ్డం లేదు బాబుగారూ," అంది. అద్దం మార్చాడు. కనపడ్డం లేదు. ఇంకోటి పెట్టాడు. ఉహూఁ. పై వరసలో 'అ' గుమ్మడికాయంత ఉంది మరి!

సాహెబు లోకం చూసిన ముసలాయన. పటం తిప్పాడు. వెనక వైపు అక్షరాలుండవు, మూడు పళ్ల దువ్వెనల్లాంటి గుర్తులుంటాయి. పళ్లు ఎటున్నాయో వేలితో చూపిస్తే చాలు. ఆవిడ చిట్టచివరి వరస దాకా టకటకా చూపించేసి, ఆనక తలొంచుకుంది.

"మీవి డేగకళ్లమ్మా. అద్దాలక్కర్లేదు," అన్నాడు సాహెబు.

"బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది. ఉత్తవైనా సరే, ఒక జోడు ఇప్పించండి," అంది.

సంగతేమిటంటే, చంటి చెల్లెల్ని ఎత్తుకోడానికని ఆవిణ్ణి మూడో తరగతిలోనే బడి మాన్పించారు. వచ్చిన నాలుగు ముక్కలూ ఉయ్యాల ఊపుల్లో పోయాయి. మేనరికం కనక పద్మనాభం మాస్టారికిచ్చి చేశారు. ఊళ్లో పిల్లలందరి చేతా అక్షరాలు దిద్దించిన ఆ మహానుభావుడికి పెళ్లాం చేత దిద్దించడానికి మాత్రం తీరిక చిక్కలేదు. పైగా నామోషీ. "మా ఆవిడ పది దాకా చదివింది," అని కాలనీ అంతా చెప్పుకున్నాడు, కన్నకూతురు ప్రసూనతో సహా. ఆ పిల్ల బడి పుస్తకం తెచ్చి, "అమ్మా, ఇది చదివి చెప్పవా" అనడం మొదలెట్టాక నా అవసరం పడింది.

కాగితం ఏది వచ్చినా వరహాలమ్మ నన్ను పమిటతో తుడిచి, పెట్టుకుని, కాసేపు చూసి, "సరేలే" అనేది. పేపరైతే బొమ్మల్ని బట్టి తిన్నగా పట్టుకునేది. చూసేవాళ్లకి అంతే. చెవి వెనక నా కాడ ఆనిన చోట నరం దడదడా కొట్టుకోవడం నాకొక్కదానికే తెలుసు. శుభలేఖ వచ్చినా అంతే, కరెంటు బిల్లు వచ్చినా అంతే. వ్రతానికి పిలిస్తే, కథ చదవమంటారేమోనని తలనొప్పి వంకపెట్టి పడుకునేది. "అబ్బో, టెక్కు!" అనుకున్నారు కాలనీవాళ్లు. రానురాను పిలవడమే మానేశారు.

మాస్టారు పోయాక మనిషి మరీ కుంగిపోయింది. వాకిట్లో ముగ్గు మానేసింది. కలిపిన ముద్ద చేతిలోనే ఎండిపోయేది. నన్ను పెట్టుకునే గోడవైపు తిరిగి పడుకునేది. ప్రసూన అప్పటికి కాలేజీలో పాఠాలు చెబుతోంది. భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

అక్కడ నర్సమ్మ ఓ కాగితం ఇచ్చింది. "తొమ్మిది ప్రశ్నలుంటాయమ్మా. చదువుకుని, ఎదురుగా ఉన్న నాలుగు గళ్లలో ఒకదాంట్లో టిక్కు పెట్టండి. మేడంగారూ, మీరు బయటుండండి. ఆవిడ మనసులోది ఆవిడే రాయాలి."

ఇక్కడైనా చెప్పేస్తుందని ఎంత ఆశపడ్డానో! 'నాకు చదువు రాదు.' మూడే ముక్కలు. పెదాలు కదలడం ఒళ్లోంచి చూశాను కూడా. ఈలోపు చెయ్యి అలవాటు కొద్దీ నన్ను తుడిచి ముక్కు మీద పెట్టేసింది. మొదటి గడి అయితే తప్పుండదనుకుందో ఏమో, తొమ్మిదింటికీ అందులోనే పెట్టింది. ముగ్గులేసిన చెయ్యి కదా, టిక్కులు చుక్కల్లా తిన్నగా దిగాయి.

మొదటి గడి అంటే 'అసలు లేదు' అని, దానికి మార్కు సున్నా. డాక్టరు కూడి చూశాడు. సున్నా వచ్చింది. "దిగులేం లేదండీ, కాస్త రక్తం తక్కువ," అని ఐరన్ మాత్రలు రాశాడు.

ఇక ప్రసూన విసుక్కోవడం మొదలెట్టింది. "ఏ జబ్బూ లేదన్నారుగా, లేచి తిరగొచ్చు కదమ్మా!" వరహాలమ్మ లేవలేదు. దసరా నాటికి మాట కూడా మానేసింది.

ఒకనాడు పక్కకి ఒత్తిగిలడంలో నా కాడ విరిగింది. కాడా మార్పిద్దాం, గీతలు పడ్డ అద్దాలూ మార్పిద్దామని ప్రసూన నన్ను సాహెబు కొట్టుకి తీసుకెళ్లింది. ఇప్పుడు కొట్లో ఆయన కొడుకున్నాడు. నన్ను మిషన్లో పెట్టి చూసి, "సున్నా అండి. ఉత్త అద్దాలే," అన్నాడు.

"సరిగ్గా చూడండి. మా అమ్మ ముప్పై ఏళ్లుగా వీటితోనే చదువుతోంది."

మళ్లీ చూశాడు. మళ్లీ సున్నాయే.

ఆ సున్నా మాట ప్రసూన అంతకుముందు డాక్టరు దగ్గర ఓసారి విన్నది. కాడ అతికించకుండానే ఇంటికొచ్చి, ఫైల్లోంచి ఆ కాగితం తీసి, ఒకే వరసలో దిగిన టిక్కుల్ని చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. ఎందుకు దాచావని అడగలేదు. పైకి చదవడం మొదలెట్టింది.

"ఈ రెండు వారాల్లో, ఏ పని మీదా మనసు పోకపోవడం. అసలు లేదా, కొన్నాళ్లా, సగం రోజులా, రోజూనా అమ్మా?"

గోడవైపు నుంచే, "రోజూ," అంది వరహాలమ్మ.

"దిగులుగా ఉండటం?"

"రోజూనే."

"నేను ఎందుకూ పనికిరానిదాన్ని అనిపించడం?"

అప్పుడు ఇటు తిరిగింది. కూతురి ఒళ్లో విరిగి పడున్న నన్ను చూసింది. కూతురికి తెలిసిపోయిందని అర్థమైంది.

"రెండు వారాలదేనా అడుగుతారు?" అంది. "బడి మాన్పించిన కాణ్నించీ అడగరా?"

నన్ను బాగుచేయించలేదు. వద్దందావిడ. సొరుగులో, అయిపోయిన మాత్రల అట్టల పక్కన పడున్నాను. కొత్త మందులు వంటబడుతున్నాయట, రోజూ అన్నచోట ఇప్పుడు కొన్నాళ్లు అంటోందట. సంతోషమే. కానీ నర్సమ్మ ముందు ఆ మూడు ముక్కలు నోటిదాకా వచ్చిన రోజు నేను ఒళ్లో లేకపోతే, పైకి వచ్చేసేవి. ఇన్నాళ్లూ నన్ను నేను అద్దమనుకున్నాను. ఆవిడకి అడ్డమయ్యాను.