పుల్లారావు కంటే పది నిమిషాలు ఎక్కువ

నా మొగుడు శ్రీహరికి కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలిన రోజే నేను ఖరాఖండిగా చెప్పేశాను, ఆ అంకె దిగేదాకా బండలాగుడు పందెంలో గిత్తల వెనక పరుగెత్తడానికి వీల్లేదని. శివరాత్రి తిరునాళ్లకు నాలుగు నెలలుంది. మా గిత్తలు ఆయన గొంతుకు తప్ప ఎవరికీ కదలవు. ఆయన దిగకపోతే మా జత బరిలో లేనట్టే.

నరసరావుపేట డాక్టరమ్మ రోజూ మాత్ర వేసుకోమంది, వేపుళ్లు, వేటమాంసం తగ్గించి నడవమంది. చీటికీమాటికీ రగిలిపోయే మనిషి కాబట్టి పొద్దున్నే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. అది మాత్రకు తోడే గాని బదులు కాదని కూడా చెప్పింది. ఇంతలో, అదే జబ్బున్న పుల్లారావు ముప్పై నిమిషాలు కూర్చుంటున్నాడని ఎవరో మోసుకొచ్చారు. ఏటా పందెంలో మాకు పోటీ ఆ పుల్లారావు జతే. ఇంకేముంది, ఈయన నలభై కూర్చున్నాడు. అక్కడ యాభై. మా కొట్టంలో గోడ గడియారం వెలిసింది. పళ్లు బిగబట్టి, మెడనరాలు ఉబ్బించి చేసే ధ్యానం నేనెక్కడా చూడలేదు.

రెండు నెలలకు పరీక్ష చేయిస్తే అంకె అక్కడే ఉంది. గంటసేపు కూర్చుంటున్నాను కదా అని మాత్రలు మానేసిన సంగతి అప్పుడు బయటపడింది. నేను తిట్టని తిట్టు లేదు. గడియారం పీకి అటక మీద పడేశాను. మర్నాటి నుంచి మాత్ర నా ఎదుటే మింగి, నెమరువేసే గిత్తల పక్కన ఊరికే కూర్చునేవాడు. వాటి ఊపిరితో పాటు ఆయన ఊపిరీ నిదానించడం నా కళ్లతో చూశాను.

పందెం రోజు రానే వచ్చింది. మూడు రోజుల కింద ఇచ్చిన రక్తం రిపోర్టు మాత్రం రాలేదు. బరి చుట్టూ జనం, మైకులో కేకలు. ఆయన కాడి పక్కన నేల మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. అప్పుడు మోగింది నా ఫోను. చదివాను. నమ్మలేక మళ్లీ చదివాను. డాక్టరమ్మ ఉండాలన్న అంకె కన్నా కిందికే వచ్చింది, పరుగెత్తొచ్చని కూడా రాసింది! చెప్పులు ఎక్కడ వదిలానో తెలియదు, ఆయన దగ్గరికి పరుగెత్తాను.

“తగ్గింది,” అన్నాను.

ఆయన కళ్లు తెరిచి, “పుల్లారావుకో?” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు కూడా పోటీయేనా అని నిలదీశాను.

“అది కాదే. వాడికి తగ్గకపోతే వాళ్లావిడ గూడా దిగనియ్యనందంట. వాడు లేకుండా గెలిస్తే అదేం గెలుపే?”

అవతలి వైపు జనం పక్కకు జరిగారు. పుల్లారావు పగ్గాలు చేతికి చుట్టుకుని, గిత్తలతో బరిలోకి వస్తున్నాడు. నా మొగుడు దిగ్గున లేచి, నెలల తరబడి నేర్చుకున్న నిదానమంతా మరిచి, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. అటు నుంచి పుల్లారావు ఈల బదులొచ్చింది.