మేనేజరు గారి కాఫీ

హన్నా చేత వేలిముద్ర వేయించిన రోజు మేమంతా అక్కడే ఉన్నాం. చూశాం, నోరెత్తలేదు. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

అమలాపురం బస్టాండు దగ్గర సూర్యారావు గారి హోటల్లో ఆమె గిన్నెలు కడిగేది. 2002 ఎండాకాలంలో మరిగే సాంబారు పడి కుడిచెయ్యి కాలింది. మానేదాకా సెలవడిగింది. మేనేజరు నారాయణమూర్తి గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. మా హోటల్లో పనివాళ్లకు ఆ కుర్చీ, ఆ కాఫీ దొరికాయంటే ఉద్యోగం ఊడినట్టే. మర్యాదకు మాత్రం ఏ లోటూ ఉండదు!

"జీతం ముట్టినట్టు రసీదమ్మా, అంతే," అన్నారాయన. ఆమె ఎడమ బొటనవేలు ఇంగ్లీషు కాగితం మీద ఆనించింది. తన ఇష్టంతోనే మానేసినట్టు అందులో రాసి ఉందని లేబరాఫీసుకు వెళ్లాక తెలిసింది. కేసు అక్కడే ఆగిపోయింది.

ఏడాది తిరిగేసరికి సూర్యారావు గారికి అల్లుణ్ని గల్లా దగ్గర కూర్చోబెట్టాలనిపించింది. నారాయణమూర్తి గారిని పిలిచి కాఫీ తెప్పించారు. ప్లీడరు చేత పకడ్బందీగా రాయించిన ఒప్పందం ముందు పెట్టారు.

ఆయన కాఫీ ముట్టలేదు. కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన నిలబడి తెలుగులో చదివి వినిపించారు. ఆయన మేనేజరే గాని కార్మికుడు కాదట, కార్మిక చట్టం వర్తించదట. కోర్టుకెళ్లకూడదట. ఆయన తీసేసిన వాళ్లంతా ఇష్టపూర్వకంగానే మానేశారని సాక్ష్యం చెప్పాలట. సంతకం పెడితేనే పరిహారం.

దోసెల మాస్టరు వెంకన్న మండిపడ్డాడు. "మావాళ్లనీ ఇలాగే సాగనంపేరు కదండీ! మీదాకా వచ్చేసరికి మేం గుర్తొచ్చేమా?"

హన్నాకు కబురు పంపాం. వచ్చింది. ఆమె కుడిచేతి వేళ్లు ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు. నారాయణమూర్తి గారు ఆ చేతిని చూసి తల దించుకున్నారు.

"అబద్ధం చెప్పి నీ చేత ముద్ర వేయించేనమ్మా. ఆ రోజు నుంచీ నా మీద నాకే అసహ్యంగా ఉంది."

"ఆ మాట లేబరాఫీసులో చెప్తారా?"

"ఆయ్."

"మీకు పరిహారం రాదండి."

"ఆయ్. తెలుసమ్మా."

"అయితే కొత్త కాయితం రాయండి. తెలుగులో."

"ఈయన కోసమా?" అన్నాడు వెంకన్న.

"ఆయన కోసం కాదెంకన్నా. రేపు అల్లుడుగారొచ్చి నిన్ను కూర్చోబెట్టి కాఫీ ఇవ్వరా?"

వాదించుకుంటూనే రాయించాం. గల్లా మనిషైనా, గిన్నెల మనిషైనా, తీసేస్తే కారణం రాసివ్వాలి. తెలుగులో చదివి వినిపించాలి. నలుగురినీ అడిగి రావడానికి గడువివ్వాలి. ఒంటరిగా పిలిచి సంతకం తీసుకోకూడదు.

ఆ కాగితం మీద సూర్యారావు గారు సంతకం పెట్టనన్నారు. మర్నాడు పొయ్యి వెలిగించలేదు. అందరం రోడ్డు మీద నిలబడ్డాం. సూర్యారావు గారు ఎదుటి హోటలు నుంచి అందరికీ కాఫీలు తెప్పించారు.

"తాగి మాట్లాడుకుందాం రండమ్మా."

ఎవరూ కదల్లేదు. గ్లాసుల్లో మీగడ కట్టింది. కాసేపటికి పోలీసు జీపొచ్చింది. రెచ్చగొట్టింది ఈయనేనని సూర్యారావు గారు చూపిస్తే నారాయణమూర్తి గారిని ఎక్కించారు.

"కాయితం మాదండి, నేనూ వస్తాను," అంటూ హన్నా ఎక్కేసింది. ఆయన పక్కన చోటున్నా ఎదురుగా కూర్చుంది.

"క్షమించేననుకోకండి. ఆ మాట లేబరాఫీసులో చెప్పేదాకా మిమ్మల్ని వదల్ను."

"ఆయ్," అన్నారాయన, తలెత్తకుండానే.

జీపు కదిలింది. మేమంతా దాని వెనకే స్టేషనుకు నడిచాం.