ఇంట్లో మాట్లాడుకొని

శుక్రవారం స్త్రీల కూడిక ఈసారి అబిగయీలు ఇంట్లో. పదకొండుమందికి టీ వడగడుతూ, దగ్గు వచ్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటోంది. మూడు నెలల దగ్గు అది. నెల్లూరు ఆసుపత్రిలో గొట్టం వేసి ముక్క తీసినప్పుడు, నిమ్ము చేసిందని, బిళ్ళలు మింగితే పోతుందని మొగుడు టైటస్ చెప్పాడు. మింగుతూనే ఉంది.

ముందుగదిలో ఫేబీ ప్రార్థన అందుకుంది. దొరవారిసత్రం నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఏది పైకి అనకూడదో ఆమెకెవరూ చెప్పినట్టు లేదు.

“అబిగయీలక్క ఊపిరితిత్తుల్లో కేన్సర్‌ని ముట్టు తండ్రీ,” అంది.

ఆమేన్ అనాల్సిన చోట ఎవరూ అనలేదు. పాస్టరమ్మ ఆనందకుమారి గబుక్కున పాట ఎత్తుకుంది.

అబిగయీలు అందరికీ టీ ఇచ్చింది. ఒక్కరూ కళ్ళెత్తలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు. ఆదివారాలు తను మంచాన పడిన అత్త దగ్గర ఉండిపోతే, టైటస్ చర్చిలో లేచి నిలబడి భార్య కోసం కన్నీళ్ళు పెట్టుకున్నాడట. ఆమెకు మాత్రం చెప్పొద్దన్నాడట, తట్టుకోలేదని.

“మంచోడు మే, ఎంత ఏడ్చినాడో,” అంది ఆనందకుమారి.

సాయంత్రం టైటస్ వచ్చాక అడిగితే, దాచలేక చెప్పాడు. రిపోర్టు వచ్చి అయిదు వారాలైందట. బీడీ, చుట్టా ఎరగని ఆడమనిషికి ఈ రకం కేన్సర్ రావడం అరుదనీ, వచ్చిందంటే గడ్డివామికి నిప్పంటుకున్నట్టేననీ, వారంలోపు మందు ఎక్కించాలనీ డాక్టరమ్మ అప్పుడే చెప్పిందట. ఇంట్లో మాట్లాడుకొని వస్తామన్నాడట. మాట్లాడుకున్నారు, అతనూ వాళ్ళమ్మా. ఆ ఇంట్లో తను లేదు.

“మందెక్కిస్తే నెలల తరబడి లేవలేవంట. అమ్మని ఎవురు చూస్తారు?” అన్నాడు, తప్పు ఆమెదే అయినట్టు.

అబిగయీలుకు జబ్బు మాట అంతగా తగల్లేదు. ఈ అయిదు వారాలూ రోజూ పొద్దున బిళ్ళా నీళ్ళూ చేతికిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అతను నీళ్ళు అందించింది ఈ అయిదు వారాలే. ఎంత మారాడో అనుకుంది. దగ్గు బిళ్ళలవి. మురిసిపోయి మింగింది.

రిపోర్టుల కవరు అడిగి తీసుకుంది.

“రేపు మొదటి బస్సుకి నెల్లూరు పోతా. ఫేబీ తోడొస్తానన్నాది.”

“మరి అమ్మ?”

“పక్కబట్ట తీసేటప్పుడు ఎడంపక్కకి దొర్లించాల. కుడిపక్క పుండుండాది. రా, ఒకసారి చూపిస్తా.”